దేవతలకో పార్సిల్

పన్నెండేళ్ల కుర్రాడు ఒక అట్టపెట్టెను పార్సిల్ కడుతున్నాడు. లోపల ఉన్నది మెడూసా తల. మెడ తెగినా ఆ కళ్ల మహిమ పోలేదు. చూసినవాణ్ని చూసినచోటే ఇప్పటికీ రాయిని చేస్తుంది. ఆ పెట్టె వెళ్లాల్సింది ఒలింపస్‌కు, గ్రీకు దేవతల కొలువుకు. పంపినవాడి పేరు దాచుకోవాలన్న ఊహ కూడా కుర్రాడికి లేదు. పక్కనున్న అమ్మాయి వద్దని మొత్తుకుంటోంది. పైవాళ్లకు కోపమొస్తుంది, పొగరనుకుంటారు అని ఆమె భయం. అనుకుంటే అనుకోనీ అన్నట్టుంది వాడి వాలకం.

2023 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లో మొదలైన 'పెర్సీ జాక్సన్ అండ్ ది ఒలింపియన్స్' సీరియల్ మూడో ఎపిసోడ్‌లోది ఈ ఘట్టం. చూస్తుంటే నవ్వు ఆగదు. అయితే ఆ నవ్వు పిల్లల సీరియల్లో కాలక్షేపానికి పెట్టిన చమత్కారంతో ఆగిపోయేది కాదు. దాని వేళ్లు రెండున్నర వేల ఏళ్ల లోతున ఉన్నాయి. గ్రీకులు తమ దేవతలను చూసి నవ్వుకోవడం ఒక కళగా సాధన చేశారు. దానికి పండగలు పెట్టారు, పోటీలు పెట్టారు, బహుమతులిచ్చారు. ఆ కళలోని మెళకువలన్నీ ఈ చిన్న ఘట్టంలో పనిచేస్తున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, పురాణంలో హాస్యం చేసే పని ఏమిటో తెలుస్తుంది. అది కథ బరువును తగ్గించదు, ఆ బరువును మోసేదే అది.

ముందు కథ పుట్టుక గురించి కొంత. రచయిత రిక్ రైర్డన్ అమెరికాలో మాధ్యమిక పాఠశాల టీచరుగా పనిచేశాడు. ఆయన కొడుక్కి చదవడంలో ఇబ్బంది పెట్టే డిస్‌లెక్సియా, నిలకడగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ ఉన్నాయి. రాత్రిపూట పడుకోబోయేముందు ఆ పిల్లాడికి గ్రీకు కథలు చెప్పేవాడు. తెలిసిన కథలు అయిపోయాక కొత్తవి కల్పించమని పిల్లాడు పట్టుబట్టాడు. అలా పుట్టినవాడు పెర్సీ జాక్సన్. పెర్సీకీ అవే ఇబ్బందులు పెట్టాడు రైర్డన్. అక్షరాలు కదిలిపోయేది వాడి మెదడు ప్రాచీన గ్రీకుకు అలవాటుపడి ఉండడంవల్ల, కుదురు లేకపోవడం యుద్ధంలో ప్రాణం కాపాడే చురుకువల్ల. మొదటి నవల 'ది లైట్నింగ్ థీఫ్' 2005లో వచ్చింది, అయిదో నవలతో 2009లో ఆ తొలి వరస పూర్తయింది. 2010లో, 2013లో రెండు సినిమాలు వచ్చినా అవి రచయితకు నచ్చలేదు. అందుకే సీరియల్ తీసేటప్పుడు జొనథన్ స్టైన్‌బర్గ్‌తో కలిసి తనే సృష్టికర్తగా నిలబడ్డాడు.

ఈ కథా లోకంలో ఒలింపస్ ఇప్పుడు గ్రీసులో లేదు. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం 600వ అంతస్తులో ఉంది. ఆ భవనానికి నిజంగా ఉన్నవి 102 అంతస్తులే. దేవతలకు మనుషులతో పుట్టిన పిల్లలు ఒక వేసవి శిబిరంలో పెరుగుతుంటారు. కన్న దేవతలు వాళ్లను పట్టించుకునేది అరుదు. పెర్సీ సముద్రదేవుడు పొసైడన్ కొడుకు, అనబెత్ జ్ఞానదేవత ఎథీనా కూతురు, గ్రోవర్ మేకకాళ్ల సాటిర్. వాకర్ స్కోబెల్, లేయా జెఫ్రీస్, భారతీయ మూలాలున్న ఆర్యన్ సింహాద్రి ఈ ముగ్గురిగా నటించారు. జ్యూస్ వజ్రాయుధం పోయింది, నింద పెర్సీ మీద పడింది. దాన్ని వెతకడానికి బయల్దేరిన ముగ్గురూ దారిలో ఒక తోటబొమ్మల దుకాణానికి చేరతారు. ఆ బొమ్మలన్నీ ఒకప్పుడు ప్రాణులు. దుకాణం యజమానురాలు మెడూసా.

ఇక పార్సిల్ దగ్గరికి వద్దాం. ఇందులో మొదటి మెళకువ, మహత్తైన దాన్ని మామూలు వస్తువు పక్కన పెట్టడం. గోర్గాన్ తల, అంటే ఈ మెడూసా తల, గ్రీకు ఊహలోని పరమ భయానికి రూపం. అట్టపెట్టె, చిరునామా చీటీ, రవాణా ఖర్చు మన రోజువారీ బతుకు. ఈ రెండూ ఒకే చట్రంలో కనబడగానే నవ్వు పుడుతుంది. అయితే పక్కపక్కన పెట్టినంత మాత్రాన సరిపోదు, ఆ రెండింటి మధ్య తర్కం ఉండాలి. నవలలో ఈ పార్సిళ్ల కంపెనీ హెర్మీస్‌ది. హెర్మీస్ దేవతల దూత, ప్రయాణాలకూ వ్యాపారానికీ అధిపతి. ఈ కాలంలో ఆయన పార్సిళ్ల వ్యాపారం పెట్టకపోతేనే ఆశ్చర్యం. జోకు పురాణ లక్షణం నుంచే నడిచి వచ్చింది కాబట్టి ప్రేక్షకుడు నవ్వుతూనే ఔననుకుంటాడు.

హెర్మీస్‌ను ఇలా పనిభారం మోసే ఉద్యోగిగా చూడటం రైర్డన్ కొత్తగా కనిపెట్టింది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో సిరియా ప్రాంతపు సమోసటా ఊరివాడు లూషియన్ 'దేవతల సంభాషణలు' అని చిన్న చిన్న నాటకీయ సంవాదాలు రాశాడు. వాటిలో ఒకచోట హెర్మీస్ తల్లి మాయా దగ్గర కూర్చుని గోడు వెళ్లబోసుకుంటాడు. పొద్దున్నే లేచి విందుశాల ఊడవాలి, ఆసనాలు సర్దాలి, జ్యూస్ కబుర్లు మోయాలి, రాత్రయితే చచ్చినవాళ్లను పాతాళానికి దిగబెట్టాలి, నిద్ర కూడా లేదు అని. తల్లి ఓదార్చి మళ్లీ పనికే పంపిస్తుంది. దేవుళ్లకూ గుమాస్తాగిరీ ఉంటుందన్న ఈ ఊహే పెర్సీ చేతిలోని చిరునామా చీటీకి మూలం.

రెండో మెళకువ, నవ్వించేవాడు నవ్వకపోవడం. పెర్సీ ఇక్కడ తమాషా చెయ్యట్లేదు. నిజంగా ఒళ్లు మండి ఉంది వాడికి. తల్లి కళ్లముందే మాయమైంది, తండ్రి ఒక్కసారీ పలకరించలేదు, చేయని దొంగతనానికి లోకమంతా వేలు చూపిస్తోంది. ఆ కోపమంతా పెట్టె మూత మూసే ఆ నిమిషంలో ఉంది. అనబెత్ భయమూ నిజమైనదే. దేవతల దగ్గర మర్యాద తప్పితే ఏమవుతుందో చిన్నప్పటినుంచీ చూసిన పిల్ల ఆమె. ఒకరి తెగింపు, ఒకరి బెదురు, వాళ్ల మధ్య నలిగే గ్రోవర్. ఎవరూ ప్రేక్షకుడి వైపు తిరిగి కన్నుగీటరు. అందుకే ఆ నవ్వు వెనక వేడి తగులుతుంది.

ఇదే మెళకువ రెండో ఎపిసోడ్‌లో ఇంకా పదునుగా కనబడుతుంది. శిబిరానికి అధికారి మిస్టర్ డి, అంటే మద్యదేవుడు డయొనైసస్. జ్యూస్ శిక్షవల్ల ఆయన మద్యం ముట్టకూడదు. తండ్రి ఎవరో తెలియక అల్లాడుతున్న పెర్సీ వరండాలో ఆయనకు ఎదురుపడతాడు. నీ తండ్రిని నేనే అని అబద్ధమాడి, కుర్రాడిచేత మద్యం సీసా తెప్పించుకోవాలని చూస్తాడు ఆయన. జేసన్ మంట్జూకస్ ఆ పాత్రను విసుగు నిండిన గొంతుతో, ఏ తొందరా లేకుండా చేశాడు. మనం నవ్వుతాం, ఆ వెంటనే గుండె కలుక్కుమంటుంది. తండ్రి కోసం ఎదురుచూసే పిల్లవాడి ఆశ ఒక దేవుడికి సీసా సంపాదించే ఉపాయంగా మాత్రమే కనబడింది. ఈ కథలోని దేవతల గురించి పది ఉపన్యాసాలు చెప్పలేనిది ఈ ఒక్క హాస్యఘట్టం చెప్పేసింది.

డయొనైసస్‌ను ఇలా నవ్వులపాలు చేయడం తప్పు కాదా అని ఏథెన్స్‌వాసిని అడిగితే అతను మనల్ని థియేటరుకు తీసుకెళ్లేవాడు. క్రీ.పూ. 405లో లెనాయా పండగలో హాస్యనాటక కవి అరిస్టోఫనీస్ 'కప్పలు' నాటకానికి మొదటి బహుమతి వచ్చింది. అందులో నాయకుడు డయొనైసస్సే. వీరుడు హెరాక్లీస్ వేషం కోసం కాషాయపు అంగీ మీద సింహచర్మం కప్పుకుని పాతాళానికి బయల్దేరతాడు. దారిలో నల్లులు తక్కువుండే సత్రం ఎక్కడుందో చెప్పమని అసలు హెరాక్లీస్‌నే అడుగుతాడు. ఆపద వచ్చినప్పుడల్లా తన వేషం బానిసకు తొడిగించి తను బానిసగా నిలబడతాడు. భయం ముంచుకొచ్చినచోట, ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చున్న తన సొంత పూజారి వైపు కాపాడమని చేతులు చాస్తాడు. ఆ పండగ జరిగేది ఎవరి పేరున? ఆ డయొనైసస్ పేరునే. దేవుణ్ని పూజించడానికి కూడిన జనం ఆ దేవుణ్ని చూసే కడుపుబ్బ నవ్వారు. అప్పుడు నగరం స్పార్టాతో యుద్ధంలో ఓటమి అంచున ఉంది, మరుసటి ఏడాది లొంగిపోయింది కూడా. నాటకం చివర డయొనైసస్ ఏథెన్స్‌కు మంచి సలహా చెప్పగల కవిని పాతాళం నుంచి వెనక్కి తెస్తాడు. అంతగా నవ్వులపాలైన దేవుడే చివరికి నగరానికి మేలు కోరేవాడయ్యాడు.

అంతకుముందే హోమర్ దేవతలను నవ్వించాడు. 'ఇలియడ్' మొదటి సర్గలో జ్యూస్, హేరా దంపతులు కొట్లాడుకుని కొలువంతా బిగుసుకుపోయినప్పుడు, కుంటికాలి కమ్మరిదేవుడు హెఫెస్టస్ మధుపాత్ర పట్టుకుని అందరికీ వడ్డిస్తూ తిరుగుతాడు. దేవతలు ఆపుకోలేక నవ్వేస్తారు, కొలువు చల్లబడుతుంది. 'ఒడిస్సీ' ఎనిమిదో సర్గలో అదే హెఫెస్టస్ తన భార్య అఫ్రొడైటీనీ ఆమె ప్రియుడు, యుద్ధదేవుడు ఏరిస్‌నూ కంటికి కనబడని వలలో బిగించి దేవతలందర్నీ పిలిచి చూపిస్తాడు. సీరియల్ అయిదో ఎపిసోడ్‌లో ఏరిస్ పిల్లలకు చీజ్‌బర్గర్లు కొనిపెట్టి, ఒక పాడుబడ్డ వినోదశాలలో వదిలేసిన తన డాలు తెచ్చిపెట్టమంటాడు. ఆ వినోదశాల హెఫెస్టస్ పన్నిన ఉచ్చు. వలకు బదులు ఇప్పుడు ప్రేమికుల పడవ సొరంగం వచ్చింది. యుద్ధదేవుడు తన పరువు దక్కించుకోవడానికి చిన్నపిల్లలను పంపుతున్నాడంటే ఆ పాత వలలో చిక్కిన అవమానం ఆయనకింకా తీరలేదన్నమాట.

గ్రోవర్ మాటకు వస్తే, వీరుడి పక్కన సాటిర్ ఉండటం కూడా పాత సంప్రదాయమే. ఏథెన్స్‌లో డయొనైసస్ మహోత్సవంలో ట్రాజెడీ కవి మూడు విషాద నాటకాల తర్వాత నాలుగోదిగా సాటిర్ నాటకం ఆడించేవాడు. పెద్ద పెద్ద వీరుల కథల్లోకి అల్లరి సాటిర్ల గుంపు దూరిపోతుంది. భయపడుతుంది, ఆశపడుతుంది, వాగుతుంది. అలాంటివాటిలో ఏస్కిలస్ రాసిన 'వల లాగేవాళ్లు' ఒకటి. దాని తునకలు ఈజిప్టులోని ఆక్సిరింకస్ దగ్గర దొరికిన పపైరస్ కాగితాల్లో మిగిలాయి. సెరిఫోస్ దీవి ఒడ్డున జాలరి వలలో బరువైన పెట్టె పడుతుంది. లాగడానికి సాటిర్లు వస్తారు. తెరిస్తే లోపల డానయే, ఆమె ఒడిలో పసికందు పెర్సియస్. సాటిర్ల పెద్ద సైలీనస్ డానయేను పెళ్లాడతానని మురిసిపోతూ బిడ్డను ఆడిస్తాడు. అంటే పెర్సియస్ పసివాడుగా ఉన్నప్పుడే అతని పక్కన ఒక సాటిర్ నవ్విస్తూ నిలబడ్డాడు. పెర్సీ వెంట గ్రోవర్ నడవడానికి అంత పాత వరస ఉంది.

ఇప్పుడు ఈ ఘట్టంలోని మూడో మెళకువ, అన్నింటిలోకీ లోతైనది. పార్సిల్ జోకు పాత పురాణాన్ని పక్కకు నెట్టడం లేదు. దాన్ని పొల్లుపోకుండా మళ్లీ చెబుతోంది.

పెర్సియస్ కథ ఇది. మనవడి చేతిలో చస్తావని జోస్యం విన్న ఆర్గోస్ రాజు తన కూతురు డానయేను, ఆమెకు జ్యూస్ వల్ల పుట్టిన బిడ్డను పెట్టెలో పెట్టి సముద్రంలోకి వదిలేస్తాడు. సెరిఫోస్‌లో జాలరి డిక్టిస్ వాళ్లను కాపాడతాడు. డిక్టిస్ అన్న, ఆ దీవి రాజు పాలిడెక్టీస్ డానయే మీద కన్నేస్తాడు. ఎదిగిన కొడుకు అడ్డుగా ఉన్నాడని విందు పేరుతో అందరినీ కానుకలడుగుతాడు. గోర్గాన్ తలైనా తెస్తానని పెర్సియస్ నోరు జారతాడు. సరే, అదే తెమ్మంటాడు రాజు. కుర్రాడు తిరిగిరాడని అతని ధీమా. పెర్సియస్ తిరిగొచ్చాడు. కొలువులో తల తీసి చూపించాడు. రాజూ అతని తైనాతీలూ రాళ్లయ్యారు. ఆ తర్వాత ఆ తల ఎథీనాకు చేరింది, ఆమె దాన్ని తన కవచం మీద ధరించింది.

అడిగిన కానుకే అడిగినవాడి చావు కావడం అనే ఈ చేదు చమత్కారం కథ నడుమ ఉన్నదే. క్రీ.పూ. 490లో వేణునాద పోటీలో గెలిచిన అక్రగాస్ వాద్యకారుడి కోసం గ్రీకు కవి పిండర్ రాసిన గీతంలో, పాలిడెక్టీస్ పెట్టిన కానుకల విందును పెర్సియస్ అతనికే విషాదం చేశాడన్న మాట వస్తుంది. హాస్యకవులు ఇంకో అడుగు వేశారు. సెరిఫోస్ మరీ రాళ్లమయంగా ఉంటుంది కనుక దీవికి ఆ గతి పట్టించింది గోర్గానేనని వాళ్లు వేళాకోళం చేసేవారని భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. రెండు వేల ఏళ్ల కిందటే ఈ తల చుట్టూ జోకులు పాతబడ్డాయి.

ఈ పాత కథను పక్కన ఉంచుకుని సీరియల్ చూడండి. పెర్సీకి ఆ పేరు పెట్టిన తల్లి శాలీ వాడి చిన్నప్పుడు మ్యూజియానికి తీసుకెళ్లి మెడూసా తల పట్టుకున్న పెర్సియస్ విగ్రహం చూపిస్తుంది. వీరుడిలా కనబడే ప్రతివాడూ వీరుడు కాడు, రాక్షసిలా కనబడే ప్రతిదీ రాక్షసి కాదన్న ఆలోచన అక్కడే నాటుతుంది. ఇంట్లో సవతి తండ్రి గేబ్ ఉన్నాడు. పాలిడెక్టీస్ స్థానం అతనిది. పెర్సీ తలను పంపింది ఒలింపస్‌కు, అంటే ఎథీనా ఉండే చోటికి. పురాణంలో తల చేరిన చోటికే! దేవతలు ఉంచుకోకుండా తిప్పి పంపిస్తే ఆ పార్సిల్ పెర్సీ ఇంటికి వస్తుంది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో పేర్లు పడుతుండగా గేబ్ తనది కాని ఆ పెట్టె విప్పుతాడు, రాయైపోతాడు. కానుక, కొలువు, తల్లిని పట్టి పీడించేవాడు రాయి కావడం, అన్నీ ఒక కొరియర్ జోకులో ఇమిడిపోయాయి. పాత కథ తెలియనివాడు నవ్వుకుని ఊరుకుంటాడు. తెలిసినవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

పాత కథలో శిక్ష వేసింది కొడుకు. నవలలో పెర్సీ ఆ పెట్టె తల్లి దగ్గర వదిలి నిర్ణయం ఆమెకే ఇస్తాడు. శాలీ దాన్ని వాడుకుంటుంది. రాయైన భర్తను 'పేకాటరాయుడి' శిల్పంగా అమ్మి కొత్త ఇల్లు చూసుకుంటుంది, చదువుకు డబ్బు కట్టుకుంటుంది. సీరియల్‌లో గేబ్ తన కక్కుర్తి వల్ల తనే పోతాడు. ఈ మూడింటిలో నాకు నవలది గొప్పగా తోస్తుంది. ఏళ్ల తరబడి దెబ్బలు కాచిన ఆడది తన బతుకు తను నిర్ణయించుకోవడం అందులో ఉంది, ఆ శిల్పం అమ్మకం మీద వచ్చే నవ్వులో న్యాయం ఉంది. సీరియల్‌లో గేబ్ క్రూరత్వాన్ని తగ్గించి చూపించారు. అందుకు తగ్గట్టు శిక్షనూ అతని చేతికే వదిలారు. అది పిల్లల సీరియల్‌కు పొందికైన మార్పే. కానీ శాలీ చేతిలోంచి నిర్ణయం జారిపోవడం లోటు. 2010 సినిమాలోనూ గేబ్ ఫ్రిజ్ తెరిచి తల చూస్తాడు. అక్కడ దేవతలకు పార్సిల్ పంపడమన్న తెగింపే లేదు కాబట్టి ఆ ఘట్టం వట్టి గిమ్మిక్కుగా మిగిలింది. జోకు ఒకటే కావచ్చు, దాని వెనక ఉన్న మనిషిని బట్టి దాని విలువ మారిపోతుంది.

నాలుగో మెళకువ నవ్వు దిశ. పార్సిల్ ఘట్టంలో ఎవరిని చూసి నవ్వుతున్నాం? తల తెగిన మెడూసాను చూసి మాత్రం కాదు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో సముద్రదేవుడు ఆమెను మినర్వా గుడిలో చెరిచాడు, మినర్వా ఆమె కురులనే పాములుగా మార్చి శిక్షించింది. గ్రీకు పేర్లలో వాళ్లే పొసైడన్, ఎథీనా. సీరియల్‌లో మెడూసా తన గోడు చెప్పుకుంటుంటే ఎదురుగా కూర్చున్నది ఎవరో గమనించండి. ఆ పొసైడన్ కొడుకు, ఆ ఎథీనా కూతురు. జెస్సికా పార్కర్ కెనెడీ ఆ పాత్రను మర్యాదగల ఇంటి ఇల్లాలిలా, టోపీ కింద కళ్లు దాచుకుని నటించింది. ఆమె గాయం మీద ఒక్క జోకు లేదు. ఆమె తల పంపిన పార్సిల్ మీద ఉన్న చిరునామా మాత్రం ఆమెకు ఆ గతి పట్టించిన వాళ్లది. గ్రీకు హాస్యనాటకం ఏథెన్స్ నాయకులనూ దేవతలనూ వదలనట్టే, ఈ నవ్వు పైకి ఎక్కుపెట్టింది. బలహీనుడి మీద వేసే జోకు పురాణంలో ఎంత సులువుగా వేయొచ్చో అంత నీచంగా ఉంటుంది. ఇక్కడ దర్శకులు ఆ గీత దాటలేదు.

అయిదోది, నవ్వుకు మూల్యం. నాలుగో ఎపిసోడ్‌లో సెయింట్ లూయిస్ నగరంలోని ఆర్చ్ కట్టడం దగ్గర ఎకిడ్నా అనే రాక్షసి, ఆమె పెంచిన కిమేరా అనే మృగం పిల్లల మీద పడతాయి. ఆ చోటు ఎథీనాకు ఆలయం లాంటిది. అక్కడ తనకు రక్ష దొరుకుతుందని అనబెత్ నమ్మింది. పార్సిల్ వల్ల పరువుపోయిన ఎథీనా ఆ తలుపు మూయలేదు, రాక్షసిని లోపలికి రానిచ్చింది. పార్సిల్ కట్టింది పెర్సీ, తల్లి ఆదరణ పోగొట్టుకున్నది అనబెత్. జోకుకు పర్యవసానం ఉన్నప్పుడే దానికి ధైర్యం అన్న పేరు తగులుతుంది. ఏమీ పోనిచోట ఎంత ఎగతాళి చేసినా అది వాగుడే. అనబెత్ తర్వాత తన తల్లిని కొత్తగా చూడటం మొదలుపెడుతుంది. ఆమె ఎదుగుదలకు తొలి మెట్టు ఆ నవ్వే.

గోర్గాన్ ముఖంలో భయం, నవ్వు రెండు రుచులూ మొదటినుంచీ ఉన్నాయి. క్రీ.పూ. 6వ శతాబ్దం తొలినాళ్లలో కోర్ఫూ దీవిలో కట్టిన ఆర్టెమిస్ ఆలయం ముఖభాగం మీద నిలువెత్తు గోర్గాన్ నాలుక బయటపెట్టి, కోరలు చూపిస్తూ నవ్వుతుంటుంది. డాళ్ల మీద, ఇళ్ల పైకప్పుల అంచుల్లో ఆ ముఖం చెక్కేవాళ్లు. మధుపాత్రల అడుగున కూడా చిత్రించేవాళ్లు. తాగేవాడు చివరి గుక్క మింగగానే పాత్ర అడుగునుంచి గోర్గాన్ కళ్లు ఉరిమిచూస్తాయి. మన కొత్త ఇంటి ముందు వేలాడే దిష్టిబొమ్మ వంటిదే ఇది. భయపెట్టాలి, కొంత నవ్వించాలి కూడా. ఈ రెండూ కలిస్తేనే చెడు ఆ గడప దాటదని నమ్మకం.

దేవతలను ఇలా నవ్వులో కలపడానికి అభ్యంతరం లేకపోలేదు. ప్లేటో 'రిపబ్లిక్' మూడో భాగంలో, దేవతలు ఆపుకోలేక నవ్వినట్టు హోమర్ రాయడం తగదన్నాడు. యువకులు అలాంటి కథలు విని పెరగకూడదన్నాడు. దేవుడంటే మంచికి మారుపేరు అనుకునేవాడికి ఆ భయం సహజం. అయితే హోమర్ దేవతలు మంచికి మారుపేర్లు కారు. వాళ్లు శక్తికి రూపాలు. సముద్రం మంచిదీ కాదు చెడ్డదీ కాదు, దానితో బతకాలంతే. అలాంటి శక్తుల కింద బతికే మనిషికి ప్రార్థన ఎంత అవసరమో నవ్వూ అంత అవసరం. ప్రార్థన అతన్ని వాళ్లకు దగ్గర చేస్తుంది. నవ్వు వాళ్ల ముందు అతన్ని మనిషిగా నిలబెడుతుంది. ఏథెన్స్ ఈ సంగతి గ్రహించే రెండింటికీ ఒకే పండగలో చోటిచ్చింది.

తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. తోలుబొమ్మలాటలో రామాయణ ఘట్టాల నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి జనాన్ని నవ్వించాక కానీ కథ ముందుకు సాగేది కాదు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళపు ఆంధ్రవిష్ణువును పద్యం పద్యానా దెప్పిపొడిచి నిందాస్తుతికి పేరు తెచ్చాడు. వ్యాసభారతంలో లేని శశిరేఖ పెళ్లికథను కె.వి. రెడ్డి 1957లో 'మాయాబజార్'గా తీస్తే, ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లివారిని ఆటపట్టించడమే ఆ సినిమాకు ప్రాణమైంది. తేడా ఉన్నదల్లా గమ్యంలో. మన నిందాస్తుతి ఎంత దెప్పినా చివరికి చేరేది భక్తి దగ్గరికే. పెర్సీ పార్సిల్ చేరేది ప్రశ్న దగ్గరికి: పిల్లల్ని కని వదిలేసే దేవతలను ఎందుకు గౌరవించాలి? గ్రీకు సంప్రదాయం ఆ ప్రశ్నను అలాగే తెరిచి ఉంచుతుంది. రెండు దారులకూ తమ తమ నీతి ఉంది, ఒకదానికొకటి పోటీ కాదు.

ఈ సంప్రదాయం విలువ ముఖ్యంగా పిల్లల విషయంలో తెలుస్తుంది. చదవలేక, కుదురుగా కూర్చోలేక బడిలో మందబుద్ధి అనిపించుకున్న పిల్లాడికి గంభీరమైన పురాణం దూరంగానే ఉండిపోతుంది. అదే పురాణం నవ్వుతూ వస్తే దగ్గరికి రానిస్తాడు. రైర్డన్ నవలలు చదివి అసలు హోమర్‌ను, అసలు పెర్సియస్ కథను వెతుక్కుంటూ వెళ్లే పిల్లలు ఉంటారంటే కారణం అదే. నవ్వు కథకు కొత్త వారసులను సంపాదిస్తుంది. ఆ వారసులే రేపు దాన్ని ఇంకొకరికి చెబుతారు.

మన పురాణాలనూ ఇప్పుడు సీరియళ్లుగా, యానిమేషన్లుగా తీస్తున్నారు. వాటిలో హాస్యం చాలావరకు బయటినుంచి తెచ్చి అంటించినట్టుంటుంది. ఒక లావుపాటి పాత్ర జారిపడుతుంది, ఒక పిరికి సేవకుడు వణుకుతాడు, వెనక తమాషా సంగీతం మోగుతుంది. అది కథలోని ఎవరి బాధతోనూ కలవదు, ఎవరికీ మూల్యం ఉండదు, పైగా నవ్వు ఎప్పుడూ కిందివాడి మీదే పడుతుంది. తీసేవాళ్లు కథ మొదలుపెట్టేముందు ఆ కథలోనే దాగున్న నవ్వు ఏదో వెతకాలి. అది పాత్ర స్వభావంలో ఉందా, దాని వెనక ఎవరి కోపమో ఎవరి గాయమో ఉందా, పైవాడి అహంకారాన్ని తాకుతోందా, దానికి మూల్యం చెల్లించేవాళ్లు ఉన్నారా అని చూసుకోవాలి. హిడింబి కొడుకు పెళ్లింట చేసిన అల్లరిలో ఇవన్నీ ఉన్నాయి. మన కావ్యాల్లో, జానపద కథల్లో ఇలాంటివి ఎన్నో ఎదురుచూస్తున్నాయి. అవి దొరికితే బయటి జోకులతో పనుండదు. కథ తనంతట తనే నవ్విస్తుంది, నవ్విస్తూనే తన బరువునంతా మన చేతిలో పెడుతుంది.